ఏడో పాట

మనామాల మా హోటలు అడుగు అంతస్తుకు కిటికీ లేదు.
బయట సముద్రం ఉన్నదని
తువ్వాళ్లకంటిన ఇసుకను చూస్తే తెలుస్తది.
అక్కడనే లాండ్రీ. అక్కడనే నేను,
సిరికొండ కాడి బాలనర్సును,
పద్నాలుగేండ్లుగ ఆవిరి ప్రెస్సు ముంగట.

డాంటే చొక్కా తెల్లది, కాలరు నిలబడాలె.
లోర్నా గౌను నీలిది, పూసలున్నయి, తిరగేసి రుద్దాలె.
రాత్రి తొమ్మిదికి పైన లాంజిల
ఇద్దరూ ఒక్క మైకుకు మొహాలానించి
పాతకాలపు ఇంగ్లీషు పాటలు పాడుతరు,
పాలు పొంగే ముందు మంట తగ్గించినట్టు.
ఆలుమగలని అతిథులనుకుంటరు.
పాటలయినంక క్యాంటీన్ల
ఆమె సెబూల ఉన్న బిడ్డకు ఫోను చేస్తది.
ఆయన ఇంకో బల్ల కాడ
ఎండుచేప ముల్లు తీసుకుంట కూసుంటడు.

ఆ యేడు ఎండలు ముదిరినంక
సీడీ తియ్యాలని బుద్ధి పుట్టింది ఇద్దరికీ.
స్టూడియోవాడు గంటకు అడిగిన దీనార్లు విని
డాంటే నవ్వుకుంట మా లాండ్రీ దిక్కు వచ్చిండు.
మందపు గోడలు. నలుదిక్కుల దుప్పట్ల కుప్పలు.
చప్పట్లు కొడితే చప్పుడు తిరిగి రాదు.
"బాలా, మూడు రాత్రులు మిషన్లు బంద్ పెడతవా?"
సూపర్‌వైజరు కుంజప్పన్‌కు తెలిస్తే
నన్ను కూడా బంద్ పెడతడు.
అయినా పెట్టిన.

తువ్వాళ్లతోని గుడారం కట్టినం, అందుల లోర్నా.
మైకుకు నా సాక్సు తొడిగిండ్రు.
ఉతికిందే.

పన్నెండు పాటలు. ఒక్కటన్న వాళ్లది కాదు.
ఎవరో రాసిండ్రు, ఎవరో పాడి బంగ్లాలు కట్టుకున్నరు.
"మీ సొంతది ఒక్కటి పెట్టరాదుండ్రి?" అంటే
లోర్నా గుడారంలకెల్లి తల బయట పెట్టింది:
"సొంతది పాడితే ఎవ్వరూ గ్లాసు కింద పెట్టరు, బాలా."

మా నాయన ఊరందరి బట్టలు ఉతికెటోడు.
తన పెండ్లికి
పటేలు కొడుకు చొక్కా ఒక్క రాత్రికి తొడుక్కున్నడట.
పొద్దుగాల మళ్ల ఉతికి, మడతపెట్టి ఇచ్చిండు.
ఫోటోల చూడుండ్రి,
భుజాల కాడ ఎంత సక్కగ కూసున్నదో.
ఆ చొక్కా నాయనది కాదని
మా అమ్మ కూడా ఏండ్ల దాంక నమ్మలే.

మూడో రాత్రి. ఏడో పాట.
ప్రెస్సు ఎప్పుడో బంద్ చేసిన గని
కడుపుల ఇంత ఆవిరి మిగిలిపోయింది.
లోర్నా ఒక మాట మీద ఆగి
ఊపిరి తీసుకునే జాగల
స్స్స్‌మని అది తన ఊపిరి విడిచింది.
నా పానం పోయింది. చేతులు జోడించిన.
డాంటే చెవులకు డబ్బాలు పెట్టుకుని విన్నడు.
మళ్ల విన్నడు.
"ఉండనీ" అన్నడు.

అట్ట మీద ఇద్దరూ నవ్వుతున్నరు.
వెనుక సముద్రం, గోడకంటించిన కాగితం.
రెండు వందలు కొట్టించి లాబీల పెడితే
యాభై మూడు పోయినయి.
మిగిలినయి సబ్బుపొడి సంచుల వెనుక ఇంకా ఉన్నయి.
పాత గాయకుల పేర్లు
వెనుక అట్ట మీద చీమలంత ఉన్నయి.
నా పేరు లేదు, ఉండే పని లేదు.

లోర్నా దోహాకు పోయింది.
డాంటే ఏదో ఓడల పాడుతుండట.
లాంజిల ఇప్పుడు ఒక పిలగాడు
బటన్లు ఒత్తుతడు, చొక్కా కూడా తొడగడు, టీషర్టే.

అతిథుల లిఫ్టుల మాత్రం ఆ సీడీ తిరుగుతనే ఉన్నది.
తీసెయ్యాలని ఎవ్వరికీ యాదికి రాలే.
మా సర్వీసు లిఫ్టుల పాట రాదు,
అందుకే అప్పుడప్పుడు అర్జంటు సూటు ఒకటి పట్టుకుని
అటు ఎక్కుత.
నసీబు బాగుంటే నాలుగో అంతస్తు కాడ ఏడోది తగులుతది.
నిన్న ఒక పెద్దమ్మ, ముత్యాల దండ,
అద్దంల చూసుకుంట పెదవులు కదుపుతున్నది.
ఆ మాట కాడికి వచ్చి ఆమె ఆగింది.

స్స్స్, అన్న నేను మెల్లగ,
హ్యాంగరు సదురుకుంటున్నట్టు.