వాళ్లదెంత, మాదెంత

పర్లాకిమిడిలో మా కొట్టుకి రెండు షట్టర్లు.
ఎడమదానికి ఒక కంపెనీవాడు నీలం పూసిపోయాడు,
కుడిదానికి ఇంకొకడు పసుపు.
నా పేరు మాత్రం నడిమి గోడ మీద, జానెడు జాగాలో,
మూడు లిపుల్లో ఇరుక్కుని ఉంటుంది:
దమయంతి మొబైల్స్. రిపేర్లు చేయబడును.

నెలాఖరుకి బరంపురం నించి పాణిగ్రాహి వస్తాడు.
టాబ్లెట్ తీసి, మెడ చెమట తుడుచుకుని
"మీ ఊళ్లో వాళ్లదెంత, మాదెంత?" అంటాడు
గట్టు తగాదాకి కొలతగొలుసు తెచ్చినవాడిలా.
ఆకుపచ్చ మరబొమ్మది ఒక జట్టు,
కొరికిన పండుది ఒక జట్టు.

నేను లెక్క చెప్తాను:
ఈ నెల పండ్లు నలభై ఆరు పోయాయి.
అతని వేలు గాల్లో ఆగిపోతుంది.
"ఫోన్లా?"
కాదు బాబూ, స్టిక్కర్లు. ఒక్కోటి పది రూపాయలు.
కాలేజీ పిల్లలు ఏడువేల ఫోను తెచ్చి
దాని వీపు మీద అతికించమంటారు, బుడగ రాకుండా.
ఆ బుడగ రాకుండా చూడ్డంలోనే ఉంది నా పనితనమంతా.
లోపల ఒకడి రాజ్యం, పైన ఇంకొకడి జెండా.
నీ పటంలో వీళ్లకి ఏ రంగు వేస్తావో
నువ్వే తేల్చుకో.

అసలు పండూ వచ్చిందొకటి,
కాశీనగరం కంట్రాక్టరు గారి అబ్బాయిది.
ఇరవైనాలుగు వాయిదాలు.
మూడోది కట్టకముందే మహేంద్రతనయ ఒడ్డున
రాయి మీద జారవిడిచాడు.
అద్దం ఖరీదు చెప్తే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.
మంచినీళ్లు ఇచ్చాను.
నాన్నకి చెప్పొద్దన్నాడు. సెల్లోటేపు వేసి పంపించాను.

నా కింద సొరుగులో మరో దేశం ఉంది.
తెర మీద రంగురంగుల పలకలు పేర్చినవాడు,
అంతకుముందు బటన్లతో ఊరంతా ఏలినవాడు.
ఓడిపోయినవాళ్ల ఫోన్లు.
పారెయ్యబుద్ధి కాదు. వానాకాలం తోచనప్పుడు
చార్జింగ్ పెడితే వెలుగుతాయి,
లేచీ లేవగానే
ఇవాళ తేదీ ఎంతని అడుగుతాయి.

మా నాన్న గేదె కొమ్ముతో దువ్వెనలు చేసేవాడు.
ప్లాస్టిక్ దువ్వెన వచ్చిన ఏడు
నీ వాటా ఎంతని అడగడానికి
ఏ టాబ్లెట్టూ మా గడప ఎక్కలేదు.
గురువారం సంత నించి వచ్చి
సంచీ నేల మీద గుమ్మరించి లెక్కపెట్టేవాడు.
తీసుకెళ్లినన్నీ ఉండేవి.
అయినా ఇంకోసారి లెక్కపెట్టేవాడు.

ఆయన ఆఖరిసారి ఆకురాయి పట్టింది నా కోసమే.
చిటికెన వేలంత కొమ్ము చీలిక,
అంచు తమలపాకంత పల్చన.
ఇనుము గీత పెడుతుంది, కొమ్ము పెట్టదు.
ఆ ఫోనైనా ఈ ఫోనైనా
దీన్ని దూర్చి, ఊపిరి బిగబట్టి, కొంచెం తిప్పితే
టక్కుమని నోరు తెరుస్తుంది.
లోపల అందరిదీ ఒకే రకం దుమ్ము.

మొన్న గుమ్మ కొండల నించి సుకాంత రైకా వచ్చాడు,
పసుపు అమ్మిన డబ్బు చొక్కా లోపలి జేబులో.
కొత్త ఫోను కావాలి. ఒకటే షరతు.
"మా సొర అక్షరాలు ఏటిలో ఉంటాయక్కా?"
కొట్లో ఉన్న రెండు పాత ఫోన్లు పక్కపక్కన పెట్టి
వాళ్ల బావ పంపిన సందేశం తెరిచాను.
ఇందులో ఖాళీ పెట్టెలు.
అందులోనూ ఖాళీ పెట్టెలే,
కాకపోతే ఒక్కో పెట్టెలో ఒక్కో ప్రశ్నార్థకం.
అంతే తేడా.

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
బిల్లుపుస్తకం వెనక అట్ట మీద
నా పెన్నుతోనే రాసి చూపించాడు,
ఇరవైనాలుగు, ఒక్కటీ కొట్టివేయకుండా.
ఏ ఫోనూ కొనలేదు. టార్చిలైటు కొనుక్కుని
చీకటి పడకముందే బస్సెక్కాడు.

ఆ అట్ట చించి కౌంటరు అద్దం కింద పెట్టాను.
పాణిగ్రాహి ఈ నెల అటు వంగి,
కళ్లజోడు పైకి తోసుకుని, చాలాసేపు చూసి
"ఇదేం బ్రాండు?
వీళ్లదెంత?" అన్నాడు, వేలు సిద్ధంగా పెట్టి.

ఇంకా దిగలేదు బాబూ, అన్నాను.