నీలం బాల్చీ

ఎస్బెన్,
నువ్వు కోపెన్‌హాగన్ నుంచి పంపిన పొడి
చూడ్డానికి బార్లీ పిండిలాగే ఉంది.
చెంచాడులో కోట్ల ప్రాణాలన్నావు.
ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను:
పులిసిన మజ్జిగ వాసన, అంతే.

నీలం బాల్చీలో పొడి కలిపిన మేత,
తెల్ల బాల్చీలో ఉత్త మేత.
ఎడమ వరుసకి ఇరవై, కుడి వరుసకి ఇరవై.
నువ్వు చెప్పినట్టే చేశాను
ఒక్క చోట తప్ప.

ఆరువందల పద్నాలుగు నీకు గుర్తుండదు.
కుడి వరుసలో చివరిది, చెవి చిరిగింది.
పోయిన ఈతలో పదకొండు పిల్లలు,
నాలుగు ఊపిరి తియ్యకుండానే పోయాయి.
పాలు మాన్పించాక
మిగతావన్నీ అయిదో రోజుకి ఎదకొచ్చి
ఇనప కడ్డీలు కొరుకుతుంటే
ఇది గోడవైపు తిరిగి పడుకుంది.
ఆలస్యంగా ఎదకొస్తే రెండుసార్లు సూది వేయించాం.
రెండుసార్లూ చూలు నిలవలేదు.
మూడోసారి తప్పితే గురువారం లారీ.
మా ఆయన ఐనార్ దాని వీపు మీద
ఎర్ర సుద్దతో గీత కూడా గీసేశాడు.

నవంబరులో ఇక్కడ నాలుగింటికే చీకటి.
ఉప్పుగాలి రేకుల కిందనుంచి దూరి
నా మోకాళ్ళని వెతుక్కుంటూ వస్తుంది.
ఆ చీకట్లో, చెప్పేస్తున్నాను,
నీలం బాల్చీలోంచి ఒక గరిటెడు
దాని తొట్టిలో పోశాను.
మర్నాడూ. ఆ మర్నాడూ.

పేగుల్లో కాపురం పెట్టినవాళ్ళు
గర్భసంచితో ఏం మాట్లాడతారో నాకు తెలియదు.
తొట్టి అడుగు నాకి నాకి మెరిపించింది,
పేడ మెత్తబడింది,
నాకు కనబడింది అదే.
థిస్టెడ్ ఆసుపత్రిలో మూడేళ్ళు
నా పేరూ ఒక కార్డు మీద ఉండేది.
నాకెవరూ ఒక గరిటెడు ఎక్కువ పొయ్యలేదు.

ఇరవై ఒక్క రోజులు కాచుకున్నాను.
మళ్ళీ ఎదకు రాలేదు.
తడి గుడ్డతో ఎర్ర గీత తుడిచాను.

మార్చి, తెల్లవారుజాము మూడు.
పద్నాలుగు.
చివరిది పొరలోనే ఉండిపోతే వేలితో చించి
గడ్డితో రుద్దాను. తుమ్మింది.

ఈసారి వీర్యం వేరే పోతుది కదా, అంటాడు ఐనార్.
అయ్యుండొచ్చు.
శీతాకాలం మెత్తగా వెళ్ళింది, అంటుంది పక్కింటి కిర్స్టీనే.
అదీ అయ్యుండొచ్చు.

అందుకని నీ కాగితంలో ఆ అడ్డవరుస కొట్టేశాను.
కుడివైపు ఇక పందొమ్మిదే.
నీ సగటు ఎటు మొగ్గినా
దాన్ని ఏ పక్కా కలపకు.
తిట్టాలంటే ఫోన్ చెయ్యి,
రెండు దాటాక చెయ్యి.
ఈలోపు నా చేతులు ఖాళీ ఉండవు:
దానికి చన్నులు పదమూడే,
ఒకదానికి సీసా పట్టాలి.