పిసరు తేడా

కొయింబ్రాలో వాన. దెయొలిండా కొట్టు తలుపు
మడమతో తోసి లోపలికొచ్చాడు బెల్మీరు.
గిటార్రా మెడ వాలిపోయింది,
ఒకవైపే కుండ ఉన్న కావడిలా.

"మంద్రం గట్టిగా మోగాలని లావుపాటి తీగ వేశాను."
ఆవిడ నవ్వలేదు. తీగ విప్పి
మైక్రోమీటరు దవడల మధ్య పెట్టింది.
వెంట్రుకలో సగం తేడా.
బరువంతా ఆ సగంలోనే.

"తీగలన్నీ ఒకే లావు ఉండక్కర్లేదు," అంది,
"వేలికి ఒకేలా ఎదురు చెప్పాలి, అంతే."

సన్నదాన్ని పిసరు పెంచింది,
లావుదాన్ని రెండు పిసర్లు దించింది.
కాగితం మీద ఒక లెక్క, చెవి దగ్గర ఇంకో లెక్క.
రెండూ పొసగనిచోట
కాగితాన్ని మడిచి కిటికీ సందులో కుక్కింది, జల్లు రాకుండా.

కార్కు ఫ్యాక్టరీ మర పట్టుకున్ననాటి నుంచి
అతని చూపుడువేలు పూర్తిగా వంగదు.
ఆ సంగతి అతను చెప్పలేదు.
మూడో జతకి మాత్రం
ఏ లెక్కకీ రాని మెత్తటి తీగ కట్టిందావిడ.

మీటాడు.
వేలు సలపడం లేదని తెలియడానికి
రెండు పాటలు పట్టింది.
అప్పటికావిడ పెరట్లో ఉంది,
ఆ లావు తీగతో
ఒరిగిన టమాటా మొక్కని కర్రకి కడుతూ.