ఆరు మీటర్లు

రాత్రి పదకొండున్నరకి
ఒక్క మీట నొక్కితే వచ్చి పడ్డాయి
పదమూడు వేల నాలుగొందల ఇళ్లు.
సర్కారు వారి ఫైలు, ఉచితం,
ఎవరైనా వాడుకోవచ్చని కింద రాసి ఉంది.
టీ చల్లారకముందే
బెజవాడ తూర్పు వైపంతా నిండిపోయింది.

వర్ధనికి ఫోన్ చేసి గొప్పలు పోయాను:
"రెండేళ్లు నువ్వు సైకిలేసుకుని తిరిగిందంతా
పావుగంటలో అవగొట్టా."
అవతల కాసేపు ఫ్యాను చప్పుడు.
"రైవస్ కాలువ దగ్గర చూశావా?" అంది.

చూశాను.
గట్టు మీదుండాల్సిన వీధి వీధంతా
ఆరు మీటర్లు పక్కకి జరిగి
నీళ్లలో నిలబడి ఉంది.
ముప్ఫై ఒక్క కప్పులు, ఒక ప్రార్థన మందిరం,
పిల్లల్తో సహా అంగన్‌వాడీ,
గుర్రపుడెక్క మధ్యన
చుక్క తడవకుండా.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం.
ముందు క్రీస్తురాజపురం కొండ.
పన్నెండడుగుల సిమెంటు రోడ్డు అంటుంది ఫైలు.
వెళ్లి చూస్తే మెట్లు.
నేను లెక్కపెడితే నూట నలభై రెండు.
గ్యాస్ బండ భుజాన దించకుండానే
ఆదాము అన్నాడు, నూట నలభై ఆరని.
"మీరు ఉత్తచేతుల్తో ఎక్కారుగా,
నాలుగు తగ్గుతాయి."
మళ్లీ దిగి మళ్లీ ఎక్కాం.
ఆదాము లెక్కే ఖాయం.

వర్ధని నోట్‌బుక్కులో
చెమటకి అలుక్కుపోయిన పెన్సిలు రాతలు:
సాయంత్రం అయిదింటికి మాత్రమే నీళ్లొచ్చే కుళాయి.
చెయ్యి పెడితే షాక్ కొట్టే స్తంభం.
దర్జీ పోయి పదేళ్లయినా దర్జీ సందు.
నా పదమూడు వేల ఇళ్లూ
వీటి మీదే వచ్చి కూర్చున్నాయి రాత్రి.
ఫైల్లో ఆ సందుకి ఎదురుగా
"పేరు లేదు" అని ఉంది.
ఎవరినీ అడగలేదని కదా రాయాల్సింది.
నేనూ అడగలేదు, ఆ మాట వేరే.

ఎండ నెత్తికెక్కాక కాలువ గట్టుకొచ్చాం.
ఒక్కో ఇంటినీ పట్టుకుని
నీళ్లలోంచి ఒడ్డుకి జరుపుతున్నాను.
ఆఖర్న రెండు ఇళ్లు మిగిలాయి.
వాటి చోట నేల మీద
సగం గోడ, తుమ్మ మొక్క, ఎవరివో చెప్పులు.
"పాత ఫొటో చూసి గీసుంటారు, తీసెయ్," అంది వర్ధని.
కంటితో చూసిందే గీయాలి,
మా అందరికీ ఉన్న నియమం అదొక్కటే.

చీటీ డబ్బులు కట్టడానికొచ్చిన సామ్రాజ్యం గారు
మా వెనకే ఎప్పట్నుంచి నిలబడ్డారో.
"మా ఇల్లుందా అందులో?"
జక్కంపూడి ఫ్లాట్లకి పంపేసి మూడేళ్లయిందట.
నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
ఫోను కళ్లకి దగ్గరగా, దూరంగా పెట్టి చూసుకుని
వేలితో తాకబోయి
కొంగుకి వేలు తుడుచుకున్నారు.
"నలభై రెండు గజాలు. అదే. అదే కొలత."

నడిచి నడిచి తయారుచేసిన వర్ధని మ్యాపులో
ఆ ఇల్లు ఎప్పుడూ లేదు.
ఆమె సైకిలు ఇటు తిరిగేసరికే
జేసీబీ వచ్చి వెళ్లిపోయింది.
చూడని ఫైలుకి తెలిసిన ఇల్లు
చూసొచ్చిన మనిషికి తెలియలేదు.
వర్ధని చాలాసేపు
పెన్సిలు చెక్కుతూ ఉండిపోయింది,
ముల్లు విరిగేదాకా.

"తీసేసినవి ఎక్కడికి పోతాయి బాబూ?"
ఎక్కడికీ పోవండీ, పాత పేజీల్లో ఉంటాయి,
వెతికినవాళ్లకి కనపడతాయి అన్నాను.
"జక్కంపూడి లాగానే అన్నమాట," అన్నారావిడ.
నవ్వాలో లేదో తెలియక
ఇద్దరం స్క్రీను వైపు చూశాం.

బస్సుకి టైమవుతోందని నాలుగడుగులు వేసి
మళ్లీ వెనక్కొచ్చారు.
"వాకిలి తప్పుగా పెట్టారు.
రోడ్డు వైపు కాదు.
మాది కాలువ వైపు తెరుచుకునేది,
గాలి బాగా వచ్చేది."

గుర్తుని పట్టుకుని
కాలువ వైపుకి జరిపాను.
"ఇక్కడేనా?"
"ఇంకొంచెం ఎడమకి. ఆఁ, అక్కడ."

సేవ్ చేశాం.
ఆవిడ బస్సెక్కాక
తీసేశాం.