మెట్ల వెడల్పు

మూడొందల అరవై చదరపుటడుగులని
కాయితమ్మీద చూపిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.
అందుకే ఆదివారం పొద్దున్నే
వన్‌టౌన్‌లో, హార్బరు గోడ వెనక
వలలు ఆరేసే జాగా ఖాళీ చేయించి
నాలుగు కిలోల ముగ్గుపిండితో ఇల్లు గీశాను,
అసలు కొలతకి అసలు కొలత.

ఇది గుమ్మం, ఇది వంటగట్టు, ఇది పడకగది.
ఇది బాత్రూమ్ అనగానే పిల్లలు పక్కున నవ్వి
అందులో దూరి ఉత్తుత్తి నీళ్ళు పోసుకున్నారు.
గీతలు తొక్కొద్దని నేను చెప్పనేలేదు.
అయినా ఎవరూ గోడలోంచి నడవలేదు.
గుమ్మం బయట చెప్పులు విడిచి
లేని తలుపు దగ్గర ఆగి
"రావొచ్చేటమ్మా" అని అడిగి మరీ వచ్చారు.

మైలపిల్లి కొర్లయ్య ఇంటిల్లిపాదినీ
పడకగదిలో వరసగా పడుకోబెట్టి చూశాడు.
నలుగురు పట్టారు.
ఐదోవాడు తనే. గోడమీద పడుకున్నాడు.
"పర్లేదులెండి, నాను ఎలాగా రాత్రుళ్ళు ఏటకెల్తాను"
అని నన్నే ఓదార్చాడు.
అతని భార్య వంటగట్టు ముందు నిలబడి
గాలిలో గరిటె తిప్పుతూ తిప్పుతూ ఆగి
"సేపలెక్కడ ఆరేత్తాం?" అంది.
మేడమీద, అన్నాను.
"నాలుగంతస్తులు, తడి గంపతోనా?"
దరఖాస్తులో ఆ ప్రశ్నకి గడి లేదు.
నా దగ్గరా లేదు.

గరికిన పోలమ్మ మాత్రం ఇంట్లోకి రాలేదు.
"మెట్లేయీ?" అంది.
చూపించాను. మూడడుగుల వెడల్పు, మధ్యలో మలుపు,
రాష్ట్రమంతటికీ ఒకటే నమూనా.
నలుగురు కుర్రాళ్ళని పిలిచి నులకమంచం ఎత్తమంది.
"మలుపు తిప్పండ్రా.
నిలబెట్టకండి. కింద పెట్టకండి."
మంచంకోడు పక్కింటి గోడలోకి పోయింది.
మళ్ళీ తిప్పారు. ఈసారి ముందున్నవాడి కాలికింద
రెండడుగుల గోడ చెరిగిపోయింది.

"మా ముసలోడు పోయినేడు ఈ సందులోంచే
పడుకుని ఎల్లాడు.
నన్ను నిలబెట్టి దింపుతారేటి?"

మంచం ఇంకా వాళ్ళ భుజాలమీదే ఉంది.
దించమని ఎవరికీ గుర్తు రాలేదు.

చేటతో మిగిలిన పిండి తెచ్చి
అడుగున్నర జరిపి మళ్ళీ గీశాను.
అడుగున్నరంటే ఇంటికి పదకొండు వేల మూడొందలు.
నూట నలభై నాలుగిళ్ళు.
కేంద్రం వాటా కదలదు, రాష్ట్రం వాటా కదలదు,
కదిలేదల్లా లబ్ధిదారు వాటా.
ఆ రాత్రి తుపాను షెడ్డులో కేకలు, లెక్కలు, అలకలు.
ఒంటిగంటకి కొర్లయ్య వచ్చి
"ఏసీసుకోండి. నెలకింతని కడతాం" అన్నాడు.

సోమవారం ద్వారకానగర్ జిరాక్సు షాపులో
బల్లమూల కూర్చుని అనుబంధం ఏడు నింపాను.
'నమూనాకు మించిన ఖర్చుకు కారణం'. రెండు లైన్ల జాగా.
చనిపోయినవారిని, అని మొదలుపెట్టి కొట్టేశాను.
గౌరవంగా, అని రాసి అదీ కొట్టేశాను.
కుర్రాడు కొత్త కాయితం ఇచ్చాడు, దానికి డబ్బు తీసుకోలేదు.
చివరికి రాసింది ఇదీ:
"పెద్ద సామాను రాకపోకలకు వీలుగా."
ఐదు సెట్లు. స్పైరల్ బైండింగు. రాత్రి రైలు.
విజయవాడలో ఇన్‌వార్డు గుమాస్తా తల ఎత్తకుండా
ముద్ర వేశాడు. ముద్ర సగం పడింది.
ఇంకోసారి వేయమని బతిమాలాను.

గురువారం తిరిగొచ్చేసరికి
ఇల్లు అక్కడే ఉంది.
వలలన్నీ గోడవారకి సర్దేశారు.
నాలుగు రోజుల పోర్టు బొగ్గుపొడి పడి
ముగ్గు నల్లబడింది, గోడలు కాస్త లావెక్కినట్టున్నాయి.
మెట్ల మలుపులో పీట వేసుకుని
పోలమ్మ రొయ్యలు వలుస్తోంది.
"ఇక్కడ గాలి బాగొత్తంది" అంది.
డబ్బులొస్తాయా అని అడగలేదు.
పీటతో సహా కొంచెం పక్కకి జరిగి
నేను పైకెళ్ళడానికి
దారిచ్చింది.