ఇరవై మూడో వరస

హల్ అంటే ఊరు, హల్లు కాదు.
అయినా అచ్చు తోడులేని హల్లుల్లా
ఇక్కడ మా ఇద్దరి జీతాలూ
ఒకటి లేకుండా ఒకటి పలకవు.

నేను కారవాన్ల ఫ్యాక్టరీలో
కదిలే ఇళ్ళకి కిటికీలు బిగిస్తాను.
హైమ రాత్రిళ్ళు కేర్ హోమ్‌లో
కదల్లేని వాళ్ళని ఒత్తిగిలింపజేస్తుంది.
మేం కలుసుకునేది షీట్‌లో.

అద్దె ఆమె రాసింది, గ్యాస్ నేను.
కౌన్సిల్ టాక్స్ పది నెలలే కట్టాలి గనక
ఫిబ్రవరి, మార్చి గళ్ళకి పసుపు పూసింది.
అవి మా ఇంట్లో రెండు పండగలు.
చికెన్ పక్కన 'తొడలు చాలు' అని ఒక నోట్.
కరివేపాకు పక్కన 'ఇది కూడా రాయాలా?'
రాయాలి అన్నాను. పౌండున్నరకి పదకొండు రెబ్బలు మరి!
ఉగాదికి ఎవరో ఫోన్లో మా రాశి చదివారు,
ఆదాయం అయిదు, వ్యయం పదకొండు.
పంచాంగానికి మా స్మార్ట్ మీటర్ ఎవరు చూపించారో
అని నవ్వుకున్నాం.

ఒక్కోసారి రాత్రి మూడింటికి మెలకువొచ్చి
ఫోన్ తెరిస్తే
గళ్ళ మధ్య ఆమె గులాబీరంగు గీత వెలుగుతూ ఉంటుంది.
పాల దగ్గర ఆగుతుంది. బస్ పాస్ దగ్గర ఆగుతుంది.
నేనేమీ అడగను.
ఊరికే పక్క గడిలోకి వెళ్ళి కూర్చుంటాను.

నవంబర్‌లో లెక్క కుదరలేదు.
గ్యాస్ బిల్లు వెనకాల పెన్నుతో కూడితే ఒకటి,
షీట్ చెప్పేది ఇంకొకటి.
ఇరవై ఒక్క పౌండ్ల అరవై పెన్నీలు తేడా.
చాకలిపద్దులో అయినా తప్పెప్పుడూ మనిషిదే
అని విని పెరిగినవాణ్ణి,
నాలుగుసార్లు కూడాను.
అప్పుడు కనపడింది,
ఇరవై రెండు తర్వాత ఇరవై నాలుగు.

నిద్రపోయేవాళ్ళ గది తలుపులా
మెల్లగా తీశాను దాచిన వరసని.
'ఈత. మంగళవారం. 5.40 × 4.'

ఈత!
విథెర్న్‌సీ బీచ్‌లో చెప్పులు చేత్తో పట్టుకుని
మడమ దాటి నీటిని రానివ్వని మనిషి.
రాత్రంతా పనిచేసి
పాలరంగు ఫోన్ బూత్ దగ్గర దిగాల్సింది దిగకుండా
ఇంకో మూడు స్టాపులు వెళ్ళి,
నలభై రెండేళ్ళ ఒంటికి ఎన్నడూ తొడగని బట్టలు తొడిగి
మూడడుగుల లోతులో గోడ పట్టుకుని
కాళ్ళాడిస్తోందన్నమాట.

మంగళవారాలు ఆమె జుట్టు వాసన గుర్తొచ్చింది.
కేర్ హోమ్ ఫినాయిల్ అనుకున్నానిన్నాళ్ళూ.

కోపం రాలేదని చెప్పను. వచ్చింది.
అయిదు నలభైకి కాదు, దాచినందుకు.
ఆ తర్వాత
నా కోటు లోపలి జేబులో నలిగిన లాటరీ చీటీలు
గుర్తొచ్చాయి.
వాటికసలు వరసే లేదు.

మూసే ముందు
చీటీల డబ్బు, వారానికి రెండు పౌండ్లు,
అక్కడే కలిపి, పక్కన రాశాను:
'కొసరు. ఈత కళ్ళజోడుకి. క్లోరిన్ మండుతుందట.'
వరస మళ్ళీ దాచేశాను.

రాత్రి మూడింటికి ఆ గులాబీ గీత
ఇరవై రెండుకీ ఇరవై నాలుగుకీ మధ్య
చాలాసేపు నిలబడింది.
ఏమీ రాయలేదు.
కిందికి దిగి
ఉల్లిపాయల ధర పది పెన్నీలు పెంచి
వెళ్ళిపోయింది.