ఉత్తుత్తి ఖాతా

కీలుంగ్‌లో వాన ఆగితే
జనం ఆకాశంకేసి అనుమానంగా చూస్తారు.
ఇవాళ ఆగలేదు.
దుకాణం షట్టరు సగం దించి,
పోయినవాళ్లకు కాల్చే కాగితపు నోట్ల కట్టకు
ఫోను ఆనించి కూర్చున్నాను.

నా ఖాతాలో పది లక్షలున్నాయి.
అందులో ఒక్క డాలరూ నాది కాదు, ఎవరిదీ కాదు.
నేర్చుకోమని బ్రోకరు కంపెనీ ఇచ్చిన ఉత్తుత్తి డబ్బు.
మార్కెట్టు మాత్రం అసలుదే.
సూచీ అసలుదే, ధరలు అసలువే,
బుధవారం గడువూ అసలుదే.
నేనొక్కదాన్నే అబద్ధం.

మూడు వారాల చదువు నోటుబుక్కులో ఉంది:
ఆప్షను కొనడమంటే చేపల సంతలో ఐసు దిమ్మ కొనడం.
చేప వచ్చినా రాకపోయినా అది కరుగుతూనే ఉంటుంది.
అమ్మితే, ఆ కరిగిన నీళ్లు నా గిన్నెలో పడతాయి,
చుక్క, చుక్క, మరో చుక్క,
ఏదో ఒక పొద్దున సముద్రం వచ్చేదాకా.

ఆ సముద్రాన్ని మా అన్న త్సుంగ్-యెన్ చూశాడు.
నాలుగేళ్ల కిందట, పుట్‌లు అమ్మి.
పళ్లు తోముకుని వచ్చేలోపు
పడవ పోయింది, పై అంతస్తు పోయింది.
వదిన మాత్రం నెలాఖరు దాకా ఆగి వెళ్లింది.
ఇప్పుడు ఎవరి పడవలోనో
స్క్విడ్‌లను పిలిచే దీపాలు వెలిగిస్తాడు.

నాకేమో లాభమే లాభం.
రెండు లక్షల పద్నాలుగు వేలు.
అగరొత్తులకొచ్చిన వూ అత్త తొంగి చూసి
"తీసుకోవడానికి లేదా? అయితే మా ఆయనకి కాల్చెయ్యి,
అక్కడైనా ఖర్చు పెట్టుకుంటాడు" అంది.
"అక్కడా పేకాటలో పోగొడతాడు కదత్తా."
పడీ పడీ నవ్వి,
అగరొత్తుల కట్ట మీద రెండు డాలర్లు తగ్గించమంది.

శుక్రవారం అన్న వచ్చాడు, డీజిలు వాసనతో.
నూడుల్స్ తింటూ
ఫోనుకేసి చూడనట్టే చూశాడు.
"ఆ కింది పుట్ అమ్ము. ప్రీమియం బాగుంది."
"నువ్వే నొక్కు, ఉత్తుత్తిదేగా."

వేలు చాచాడు.
తడి వల లాగి లాగి కాయలు కాసిన చెయ్యి
తెరకు గోరంత దూరంలో
వణికింది.

ఇన్నాళ్లూ అదే బొత్తాన్ని
ఈగను తోలినట్టు నొక్కాను నేను.
నోటుబుక్కు తిరగేశాను, ఎందుకో.
ఐసు ఉంది, చేప ఉంది, గడువు ఉంది.
ఆ వేలు లేదు.

"పులుసు చల్లారిపోయింది," అని
చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

వాడు వెళ్లాక అసలు ఖాతా దరఖాస్తు తెరిచాను.
పేరు రాశాను. చిరునామా రాశాను.
మూడో గడిలో అడిగారు:
మీకు ఎన్నేళ్ల అనుభవం?

సున్నా అని కొట్టాను.
చెరిపి, నాలుగు అని కొట్టాను.
షట్టరు కింది నుంచి వాన నీరు
సన్నగా లోపలికొస్తోంది.
ఫోను బోర్లించి,
కింది అరలోని నోట్ల కట్టలన్నీ
తడవకముందే పైకి ఎక్కించాను.